గాలి ఎంతుంది

గోడమీది పటంలో స్కేలు పెట్టి కొలిస్తే
బోట్స్‌ఫ్యోర్డ్ నుంచి బెర్లెవోగ్‌కి
ముప్పై తొమ్మిది కిలోమీటర్లు, అటూ ఇటూగా.
రోడ్డు మీద తొంభై.
చలికాలం వస్తే ఆ తొంభైకి లెక్కే లేదు.
ముందు మంచు తోసే బండి, దాని తోక పట్టుకుని కార్లు,
కొండ మీద గేటు ఎత్తేదాకా
ఫ్లాస్కులో చల్లారిపోతూ కాఫీ.
విమానానికి మాత్రం పద్నాలుగు నిమిషాలు.
సీటుబెల్టు దీపం ఒక్కసారైనా ఆరదు.

పంతొమ్మిదేళ్లు ఈ చివర టవర్లో నేను కూర్చున్నాను.
ఆ చివర గుడ్వెయ్గ్.
"బయల్దేరింది" అనేవాణ్ణి.
"సరే, రానీ" అనేది.
మధ్యలో ఉన్నదల్లా
సముద్రం కొరికేసిన ఒడ్డు,
ఎవరివో రెయిన్‌డీర్లు,
చెవిలో కాస్త గరగర.

ఆ పద్నాలుగు నిమిషాల్లో ఏం పంపలేదు మేం!
ముసలి హిల్బోర్గ్ మర్చిపోయిన కట్టుడు పళ్లు,
రక్తం సీసాలు,
ఒడ్డున ఆగిన పడవకి ఒకే ఒక్క రబ్బరు వాషరు,
బడిపిల్లల ఫుట్‌బాల్ జట్టు.
వెళ్లేటప్పుడు ఒకటే అరుపులు,
వచ్చేటప్పుడు తొమ్మిది సున్నా, ఒక్కడూ నోరు విప్పలేదు.
ఒకసారి సంచిలోంచి కాలు బయటపెట్టిన
ఎర్రటి రాకాసి పీత.
దానికి టికెట్ ఉందా అని ఆమె అడిగింది.

ఆమె మొహం నాకు తెలీదు.
జలుబు చేస్తే రెండు అక్షరాల్లో పట్టేసేవాణ్ణి.
గాలి డిగ్రీలు చదువుతూ
"సున్నా"ని సాగదీసిందంటే
పొద్దున్నే ఎవరితోనో పోట్లాడి వచ్చిందని.
నా సంగతీ ఆమెకి తెలిసేది.
మా ఆవిడ పెట్టె సర్దుకుని పోయిన వారం
వాతావరణం రెండేసిసార్లు చదివానట.
"ఓడ్వార్, ఒకసారి చాలు" అంది.
ఇంకేమీ అడగలేదు.

ఒక ఫిబ్రవరిలో ఆమే ప్రయాణికురాలైంది,
కిర్కెనెస్ ఆసుపత్రికి.
నా రన్‌వే మీద పదకొండు నిమిషాల మజిలీ.
విమానం కిటికీలన్నీ ఒకేలాంటి పసుపు మచ్చలు,
ఏదో ఒకదాంట్లో చెయ్యి ఊగింది.
మైకు వదిలి దిగి వెళ్లలేను.
పైలట్‌కి గాలి చెప్పాను,
ఆమెకి వినపడదని తెలిసీ
కాస్త నింపాదిగా.

తర్వాత స్తంభాల మీద కెమెరాలు మొలిచాయి.
ఇప్పుడు మా ఇద్దరి ఆకాశాలూ
ఎక్కడో దక్షిణాన, ఒకే గదిలో,
పక్కపక్క బల్లల మీద వెలుగుతున్నాయట.
రెండు విమానాశ్రయాల మధ్య దూరం
ఒక కుర్చీ. చక్రాలున్నది.
కాలితో ఒక్క తోపు చాలు.

పని పోయిన మూడోవారం టికెట్ కొన్నాను.
నా టవర్ కిందనుంచి చూడ్డం అదే మొదలు.
ఇంత పొట్టిదా అది!
చక్రాలు నేల వదిలినప్పుడు వాచీ చూశాను,
నేల తాకినప్పుడు మళ్లీ చూశాను:
పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు, గాలి వెనకనుంచి.
పంతొమ్మిదేళ్లూ నలభై సెకన్లు
ఎవరి ఖాతాలో రాసుకున్నామో.

తలుపు తీసిన మనిషి బొద్దుగా, కళ్లజోడుతో ఉంది.
నేననుకున్న గుడ్వెయ్గ్ పొడుగు, సన్నం.
ఆమె కూడా నన్ను ఎవరికోసమో వెతికినట్టు చూసింది.
కూర్చున్నాం, గడియారం వినపడేంత మర్యాదగా.
కాడ్ చేపల ధర అయింది. మోకాళ్లయ్యాయి.
మూరెడు బల్ల, దాటాలంటే
గేటు ఎత్తేవాడు ఇంకా రాలేదు.

చివరికి కాఫీ పెడతానని వంటింట్లోకి పోయింది.
తలుపు దగ్గరగా వేసింది.
నీళ్లు మరుగుతున్న గరగరలోంచి,
పొడుగ్గా, సన్నగా,
నాకు తెలిసిన గుడ్వెయ్గ్ అడిగింది:
"ఓడ్వార్, అక్కడ గాలి ఎంతుంది?"

కిటికీలోంచి పక్కింటి జెండా తాడు
స్తంభాన్ని కొట్టుకోవడం చూశాను.
గొంతు సవరించుకున్నాను.
ఆగ్నేయం నుంచి. ఇరవై రెండు నాట్లు.
పెరిగేలా ఉంది.

"సరే" అంది. "రానీ."